ఎండబెట్టిన అత్తమ్మ

మొన్న ఆదివారం మా పెయింటింగ్ సర్ కొత్తగా చేరినవాళ్లకు ఆయిల్ రంగుల మొదటి సూత్రం చెబుతున్నారు: కింది పూత టర్పెంటైన్ కలిపి పల్చగా వేయాలి, నూనె ఎక్కువ కలిపిన రంగు ఎప్పుడూ పైపూతకే. వెనక బల్ల మీద కూర్చున్న నేను కిసుక్కున నవ్వాను. కారణం తెలిసిన సర్ కూడా నవ్వారు.

ఆ కారణం నేను ఆ క్లాసులో చేరిన తొలి వేసవి నాటిది. చంద్రాపూర్ ఎండల సంగతి చెప్పక్కర్లేదు. మా అత్తమ్మ విరూర్‌లో ఉన్న మా ఆడబిడ్డ ఇంటికి వెళ్లబోతూ, తన బొమ్మ ఒకటి వేసిమ్మంది. "నేను పోయినంక దండేస్తే నాకేం తెలుస్తది? ఇప్పుడే చూస్త" అంది. ఆమెకున్న ఒకే ఒక్క ఫోటో ఆధార్ కార్డు మీదిది. అందులో ఎవరినో కొట్టబోతున్నట్టు ఉంటుంది. నా వంటను ఒక్కనాడూ బాగుందనని మనిషి కోరి అడిగింది కదా, ఈసారైనా ఆమె నోట మంచిమాట వినాలని నాకు మహా ఆశ. ముఖం నున్నగా, నిగనిగలాడుతూ రావాలని మొదటి పూతలోనే అవిసె నూనె ధారాళంగా పోశాను. నూనె చూసి వాడడం నాకు వంటింట్లోనే రాలేదు. తడి బొమ్మను ఒకసారి ఎగాదిగా చూసి అత్తమ్మ వంటింట్లోకి నడిచింది. పైగా ప్రయాణం దగ్గరపడుతున్నా రంగు ఆరదే! నీడలో ఉంచి ఓపిక పట్టమన్నారు సర్. నేను వింటేగా! డాబా మీద వడియాల పక్కనే అత్తమ్మనూ ఎండబెట్టాను. మా ఊరి గనుల బొగ్గు దుమ్ము పడకుండా పైన పల్చటి పాత చీర కట్టాను.

బయలుదేరే రోజు పొద్దున చీర తీసి చూశాను. పైన ఆరి, లోపల ఆరక, రంగంతా పాల మీద మీగడలా ముడుచుకుపోయింది. నుదుటి మీద, బుగ్గల మీద ముడతలే ముడతలు. దాచేద్దామనుకునేలోగా అత్తమ్మ వడియాల కోసం పైకి రానే వచ్చింది. కళ్లద్దాలు సవరించుకుని బొమ్మ మీదికి వంగి చూసింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"మొన్న పెండ్లిపిల్ల లెక్క చేసినవ్, ఎవరో అనుకున్న. గిప్పుడు గిది నేనే బిడ్డా. మస్తుగుంది" అంది.

విరూర్ దాకా రైల్లో ఆ బొమ్మను ఎవరి చేతికీ ఇవ్వలేదట. ఆ తర్వాత నేను పద్ధతిగా వేసిన ఏ బొమ్మా ఆమెకు నచ్చలేదు. ఆనాటి 'మస్తుగుంది' అన్న మాటకు ఇప్పటికీ పొంగిపోతుంటాను గానీ, నిజం చెప్పాలంటే ఆ ముఖం మీద కాలం డెబ్బై ఏళ్లు తీరిగ్గా చేసిన పనిని మా డాబా ఎండ నాలుగు రోజుల్లో చేసిపెట్టింది. కింద సంతకం మాత్రం నాది.