లక్ష గింజల పుస్తకం

మా అమ్మాయికి కొన్న అంకెల బొమ్మల పుస్తకం ఇంకా కొత్త వాసనేస్తోంది. ఒక పేజీలో వెయ్యి చేపలు, ఇంకో పేజీలో పదివేల పిట్టలు, చివర నాలుగు మడతలు విప్పితే లక్ష చుక్కలు. అది ముచ్చటపడి తిప్పుతుంటే పక్కన కూర్చోలేక లేచి వెళ్ళిపోయాను.

మా చిన్నప్పుడు లక్షంటే ఎంతో మా ఊరి పిల్లలెవరికీ తెలియదు. మాఘమాసం వచ్చిందంటే ఊరి చుట్టూ కల్లాల నిండా మిరపకాయలు ఎర్రగా ఆరుతూ, గాలి ఇటు తిరిగితే బళ్ళో మేమంతా వరసగా తుమ్ముతూ, పత్తి తీతకెళ్ళొచ్చిన అమ్మల కొంగులకి దూదిపోగులు అంటుకుని, పొద్దుగూకితే ఇంటింటా పండుమిరప పచ్చడి నూరే చప్పుడు. చీరాల నుంచి కొత్తగా వచ్చిన మరియమ్మ టీచరు బోర్డు మీద ఒకటి పక్కన ఐదు సున్నాలు చుట్టి, "ఇదెంతో చెప్పండర్రా" అంటే, "ఆకాశమంతండీ" అన్నాం. ఆవిడ నవ్వి, మనమే ఒక బొమ్మల పుస్తకం చేద్దామన్నారు. ఒక్కో అట్ట మీద ఎవరికి నచ్చిన బొమ్మ వాళ్ళు గీసి, దాని నిండా వెయ్యి మిరపగింజలు అంటించాలి. వంద అట్టలైతే లక్ష.

నేను నెమలిని గీశాను. నాకు చిన్నప్పట్నుంచీ అందరికన్నా బాగుండాలనే పిచ్చి. గింజలన్నీ పసుప్పచ్చవే, నెమలి మెడకి ఆ రంగేం బాగుంటుంది? నాన్న మిరప నారుమడికి చల్లగా మిగిలిన మందు గుళికలు చూరులో పొట్లం కట్టి దోపి ఉన్నాయి, వంకాయ రంగులో, నిగనిగలాడుతూ. పురుగుమందని తెలుసు. పురుగులకే కదా అనుకుని పొట్లం దించాను.

జిగురంటే మాకు అన్నం మెతుకులే. నాలుగేళ్ళ మా చెల్లెలు రాణి పళ్ళెంలో మెతుకులు మెదిపి ఇస్తుంటే నేను ఒక్కొక్కటే లెక్కపెట్టి అద్దుతున్నాను.

"అక్కా, ఇంకా ఎన్నే?"

"నోర్ముయ్యవే, లెక్క తప్పుతుంది."

లెక్క తప్పుతుందనే తలెత్తలేదు. పళ్ళెంలోకి గుళికలు రాలాయని, అది ఆ మెతుకులే నాకుతోందని చూడలేదు. ఏడువందలు దాటానో లేదో, అది కక్కుకుని పడిపోయింది. పెరట్లో మిరపకాయల ముచ్చికలు తీస్తున్న అమ్మ పరుగెత్తుకొచ్చింది. రాణిని ఆటోలో గుంటూరు తీసుకెళ్తుంటే సగం దారిలోనే పోయింది.

పొట్లం తనే కిందపెట్టి మర్చిపోయానని అమ్మ అందరికీ చెప్పింది. నేను కిక్కురుమనలేదు. నాన్న ఆమె వండింది తిన్నాడే గాని, చచ్చేదాకా ఆమెతో నోరారా మాట్లాడింది లేదు. ఆ ఇంట్లో ఆ మౌనం మధ్యే నేను పెరిగి, చదువుకుని, పెళ్ళి చేసుకున్నాను. నా అంత పిరికిదాన్ని నేను చూడలేదు.

బడిలో ఆ పుస్తకం నలభై అట్టల దగ్గరే ఆగిపోయింది. టీచరుగారు బదిలీ చేయించుకున్నారు. ఇప్పుడా బడీ లేదు, కల్లాలున్న చోట కోల్డ్‌స్టోరేజీ లేచింది, చూరున్న ఇళ్ళు ఒక్కటీ మిగల్లేదు, నాన్నా పోయాడు. మొన్న ఆదివారం అమ్మని చూడ్డానికి వెళ్ళి, ఇన్నేళ్ళకి నోరు విప్పాను.

"అమ్మా, ఆ రోజు పొట్లం తీసింది నేనే."

గోంగూర తుంచుతున్న చెయ్యి అమ్మ ఆపలేదు.

"తెలుసులేవే. నీ వేళ్ళకంతా ఆ రంగేగా. నువ్వూ నోట్లో పెట్టుకుంటావేమోనని ముందు నీ చేతులే కడిగా. ఆ తర్వాతే దాన్ని ఎత్తుకున్నా."