రెండు స్టేషన్ల శేషగిరి

శేషగిరికి రైలంటే భయం. పులికి భయపడేవాళ్ళుంటారు, పెళ్ళానికి భయపడేవాళ్ళుంటారు. ఈ మహానుభావుడు సిడ్నీ లోకల్ రైలుకి భయపడతాడు.

ప్రతి మంగళవారం వెస్ట్‌మీడ్ నుంచి హారిస్ పార్క్‌కి కూరలకి వెళ్తాం, ఆయనా నేనూ. మధ్యలో ఒక్క పారమట్టా. అంతా కలిపి అయిదారు నిమిషాలు. దానికి అరగంట ముందే ప్లాట్‌ఫారం మీద ఉండాలి. సంచిలో మంచినీళ్ళు, పులిహోర, టార్చిలైటు.

"పట్టపగలు టార్చిలైటెందుకయ్యా?"

"బండి మనల్ని ఎక్కడికో లాక్కుపోతేనో, అక్కయ్యగారూ!"

ఎక్కాక కూర్చోడు, నన్ను కూర్చోనివ్వడు. తలుపు దగ్గర నిలబెట్టి, "పారమట్టా! ఇది కాదు, దిగకండి!" అని ఓ కేక. తర్వాత, "హారిస్ పార్క్! ఇదే, దిగండి దిగండి!" అని ఇంకో కేక. పెట్టెలో అందరూ ఉలిక్కిపడతారు. ఓసారి ఎవరో తెల్లావిడ హడలిపోయి మాతోపాటు దిగిపోయింది కూడా.

"సో ఎంబరాసింగ్, నానమ్మా!" అంటుంది మా మనవరాలు అనన్య. నేనూ నలుగురిలో ఆయన్ని ఉతికి ఆరేసేదాన్ని.

లోపల దడ మాత్రం నాదే ఎక్కువ. నాకు ఇంగ్లీషు అక్షరం రాదు. అనన్య నేర్పితే వచ్చేసిందని ఇంట్లో కోతలు కోశాను. మైకులో మాట నాకు కుండలో గొణిగినట్టుంటుంది. స్టేషన్లన్నిటికీ ఒకటే మొహం. ఆ కేక లేకపోతే ఎక్కడ తేలతానో! ఇది తెలిస్తే మా అబ్బాయి నన్ను ఒంటరిగా గడప దాటనివ్వడు.

పోయిన వారం శేషగిరికి జలుబు చేసింది. చారు పట్టుకెళ్ళాను.

"పిరికి మనిషి, తుమ్మినా హడలిపోతాడు. రైలంటేనే అంత భయమాయె," అన్నాను.

వాళ్ళావిడ కౌసల్య పకపకా నవ్వింది. "ఈయనకా? రైలంటేనా? ఎవరన్నారు వదినగారూ? ముప్పైమూడేళ్ళు గూడ్సుబండికి గార్డు. అడవుల్లో ఆఖరి పెట్టెలో ఒక్కడే! ఇప్పటికీ రైలెక్కితే గురకే. తన స్టేషన్ రాగానే కళ్ళు వాటంతటవే తెరుచుకుంటాయి."

మూడేళ్ళ కింద మొదటిసారి కలిసినరోజు గుర్తొచ్చింది. బోర్డు ముందు బిక్కుబిక్కుమంటూ నిలబడి, "కళ్ళజోడు మర్చిపోయానయ్యా, ఇదేం స్టేషనో చదివి పెట్టు," అన్నాను. చదివాడు. కాసేపు నా మొహంలోకి చూసి, "నాకు రైలంటే భయమండీ అక్కయ్యగారూ, కాస్త తోడు వస్తారా?" అన్నాడు.

ఆవేళ కళ్ళజోడు నా ముక్కుమీదే ఉంది.

మొన్న మంగళవారం మళ్ళీ బయల్దేరాం. బండి రాగానే, "భయంగా ఉందండీ," అన్నాడు.

"నేనున్నాగా, ఏం చచ్చిపోవులే," అన్నాను. "కాస్త గట్టిగా కేకెయ్యి. పోయినసారి సరిగ్గా వినబడలేదు."