స్వరూప నీళ్లెందుకు తాగలేదు

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేశాక వచ్చిన రెండో ఎండాకాలం అది. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో నేను క్లినిక్ పెట్టి అప్పటికి పద్నాలుగేళ్లు. ఆయుర్వేద డిగ్రీ చేతిలో ఉన్నా, నలభై దాటాక మళ్లీ విద్యార్థినినై స్వస్థవృత్తంలో పీజీ చేస్తున్నాను. స్వస్థవృత్తమంటే జబ్బు రాకముందే మనిషిని కాపాడుకునే శాస్త్రం. ఎప్పుడు లేవాలి, ఏ రుతువులో ఏం తినాలి, ఎంతసేపు నిద్రపోవాలి, ఇవన్నీ అందులోవే. పొద్దున కాలేజీ, సాయంత్రం క్లినిక్. నేను తెలంగాణ సరిహద్దు దగ్గరి రాజురాలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి తెలుగు పేషెంట్లు వెతుక్కుంటూ వచ్చేవారు.

స్వరూప అలా వచ్చినామే. ముప్పై నాలుగేళ్లు. భర్త ఊరి పక్కనే ఉన్న దుర్గాపూర్ బొగ్గు గనిలో పని చేస్తాడు. ఆమె మార్కెట్లో ఒక పెద్ద బట్టల దుకాణంలో చీరలు చూపిస్తుంది. మూత్రంలో మంట, పొత్తికడుపులో నొప్పి, సన్నటి జ్వరం. యూరిన్ కల్చర్ చేయించాను. మూత్రంలో ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పని చేస్తుందో తేల్చే పరీక్ష అది. రిపోర్టుతో పక్క వీధిలోని ఎంబీబీఎస్ డాక్టరు దగ్గరికి పంపి యాంటీబయాటిక్ రాయించాను. నా వంతుగా పల్లేరుకాయల కషాయం ఇచ్చి, రోజంతా బాగా నీళ్లు తాగాలని చెప్పాను. తగ్గింది. రెండు నెలలకు మళ్లీ వచ్చింది. ఏప్రిల్ చివర్లో మూడోసారి.

ఆ రోజు నాకు కోపమొచ్చింది.

"నీళ్లు తాగుతున్నవా లేదా?"

"తాగుతున్న మేడం."

"ఎన్ని?"

"మస్తు తాగుతున్న."

పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. అబద్ధమని తెలుస్తూనే ఉంది. చెప్పిన మాట వినని పేషెంటని మనసులో ముద్ర వేసేసి, మందులు రాసి పంపించాను.

ఆమె పని చేసే దుకాణం యజమాని రాజేశం సేఠ్ కూడా నా పేషెంటే. యాభై ఆరేళ్ల మనిషి. తెల్లవారకముందే లేస్తాడు, వేడి నీళ్లు తాగుతాడు, నువ్వుల నూనెతో ఒళ్లు మర్దించుకుంటాడు, ఆకలైతే తప్ప తినడు. నా సలహాలను అక్షరం పొల్లుపోకుండా పాటించే ఆయనంటే నాకు గర్వంగా ఉండేది.

మే మొదట్లో కాలేజీలో ఆపుకోకూడని వేగాల పాఠం మొదలైంది. శరీరం తనంతట తాను పంపే పిలుపులను మన శాస్త్రం వేగాలంటుంది. అవి పదమూడు. తుమ్ము, ఆవులింత, ఆకలి, దాహం, నిద్ర, కన్నీళ్లు, మలమూత్రాలు... వాటిని బలవంతంగా ఆపుకుంటే ఏ జబ్బులొస్తాయో వరుసగా ఉంటుంది. డిగ్రీలో కంఠతా పట్టిన పాఠమే. ఈసారి మా ప్రొఫెసర్ ఒక పని అప్పజెప్పారు. ఎవరైనా ఒక మనిషిని ఎంచుకుని, జబ్బు ఊసెత్తకుండా, పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఆ మనిషి రోజు గంటగంటకీ ఎలా గడుస్తుందో రాసుకురమ్మన్నారు.

నాకు స్వరూప గుర్తొచ్చింది. ఆమెకు సెలవు రోజైన సోమవారం దుర్గాపూర్‌లో వాళ్లింటికి వెళ్లాను. చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చుని తన రోజు చెప్పుకొచ్చింది. ఐదింటికి లేస్తుంది, ఒక గ్లాసు నీళ్లు తాగుతుంది. పదింటికి దుకాణంలో ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరి రెండు చెంబులు ఒక్కసారే తాగేస్తుంది.

"మధ్యల?" అన్నాను.

ఆమె నా కాగితం వైపు చూసింది. "మధ్యల తాగితే పోవాలె గద మేడం. యాడికి పోవాలె? మగోళ్లు వెనక గల్లీల నిలవడ్తరు. మాకు బస్టాండు దాక పోవాలె. గిరాకి ఉన్నప్పుడు ఎట్ల పోతం?"

"మరి నాకెందుకు చెప్పలే?"

"మీరు నీళ్లు తాగమన్నరు. యాడికి పోతవని అడగలే."

మూత్రం ఆపుకోవాల్సి వస్తుందని ఆమె దాహాన్ని కూడా ఆపుకుంటోంది. చంద్రపూర్ ఎండలో, పదకొండు గంటలు. అది తెలియక నేను ఆమెను మొండిదనుకున్నాను.

సేఠ్‌తో మాట్లాడతానంటే భయపడింది. "నా పేరు చెప్పకుండ్రి. సేఠ్ మంచోడే గని, కోపమొస్తే రేపట్నుంచి రావొద్దంటడు. పిల్లల ఫీజులు నా జీతం మీదనే నడుస్తున్నయి."

చెప్పనని మాటిచ్చాను. మూడు రోజులాగి, నా చదువు కోసం దుకాణంలో అందరి దినచర్యా రాసుకుంటానని సేఠ్‌ను అడిగాను. ఆయన సంబరపడిపోయాడు. పొద్దున పదింటికి వెళ్లి, సీసాలో తెచ్చుకున్న నీళ్లు అందరి ముందూ తాగుతూ, అక్కడ పని చేసే ఐదుగురు ఆడవాళ్లతో పాటు నిలబడ్డాను. రెండున్నరకల్లా నాకు నిలబడటమే కష్టమైంది. గల్లా దగ్గరికి వెళ్లి బాత్రూం ఎక్కడని అడిగాను.

"అయ్యో డాక్టరమ్మా, ముందే అడగొద్దా? పైన మా ఇంట్లకు పోండ్రి" అంటూ సేఠ్ మెట్ల తాళంచెవి తీశాడు.

నేను అందుకోలేదు. "మరి వీళ్లు యాడికి పోతరు సేఠ్?"

ఆయన తడబడ్డాడు. "పోతరు... ఎటో పోతరు. పైకి పంపుదమంటే పూజగది ముందల్నుంచి పోవాలె. అయినా, ఇన్నేండ్లల్ల ఒక్కరన్న అడగలే."

స్వరూప తప్ప మిగతా నలుగురూ తల వంచుకుని చీరలు మడతపెడుతున్నారు. నేను ఇచ్చిన మాట ఉంది, నోరు మెదపలేను. అప్పుడు స్వరూప చేతిలోని చీర పక్కన పెట్టింది.

"మీరు గల్లా మీద కూసుంటరు సేఠ్. గల్లా ముందల నిలవడి గా మాట ఎట్లడుగుతం? అందుకే నీళ్లు తాగుడే బంద్ పెట్టినం. నాకు మూడుసార్లు జ్వరమొచ్చింది. నాగా ఎందుకని తిట్టిండ్రు గని, ఎందుకొచ్చిందని అడగలే."

ఆమె చూపు దించలేదు. సేఠ్ తాళంచెవి గల్లా మీద పెట్టి, గోదాంలోకి వెళ్లిపోయాడు. మొదట స్వరూపే పైకి వెళ్లింది.

తర్వాత పది రోజులు సేఠ్ క్లినిక్ వైపు రాలేదు. స్వరూప ఫోన్ ఎత్తలేదు. ఆమె ఉద్యోగం పోగొట్టానేమోనని నాకు తిండి సయించలేదు. పదకొండో రోజు దుకాణానికే వెళ్లాను. స్వరూప చీరలు చూపిస్తోంది. నన్ను చూసి కళ్లతోనే వెనక్కి చూపించింది. అట్టపెట్టెలు పేర్చే మూల ఖాళీ అయింది, మేస్త్రీ ఇటుకలు పేరుస్తున్నాడు.

సేఠ్ నా పక్కకొచ్చి నిలబడ్డాడు. "నా ఒంటి సంగతి చూసుకున్నా గని, డాక్టరమ్మా, వీళ్లకూ ఒళ్లుంటదని సోయి లేకపోయింది" అన్నాడు. ఆ మాట నాకూ తగిలింది.

వానలు మొదలయ్యేసరికి ఆ మూల బాత్రూం పూర్తయింది. స్వరూప చలికాలంలో ఒకసారి మళ్లీ మంటతో వచ్చింది. ఆ తర్వాత ఈ బాధతో రాలేదు. పక్క దుకాణాల వాళ్లతో నేనూ సేఠూ మాట్లాడాం. ఒకరు కట్టారు, ఇద్దరు ఇంకా కట్టలేదు. వాళ్లను నేను వదలను.

నా కేస్ షీట్‌లో, అంటే పేషెంటు వివరాలు రాసుకునే కాగితంలో, ఎన్ని నీళ్లు తాగుతారన్న ప్రశ్న కింద ఇప్పుడు ఇంకోటి చేరింది: పని చేసే చోట బాత్రూం ఉందా, అడగకుండా వెళ్లే వీలుందా? టీచర్లు, కండక్టర్లు, పొలం పనికి వెళ్లేవాళ్లు ఆ ప్రశ్న దగ్గర ఆగిపోతారు. తర్వాత చాలాసేపు మాట్లాడతారు. ఒక మంచి అలవాటు చెప్పేముందు, దాన్ని పాటించే వీలు ఆ మనిషికి ఉందో లేదో కనుక్కోవడం కూడా వైద్యుడి పనే. వీలు లేకపోతే, ముందు దాని సంగతి చూడాలి.