ఎడమ చెయ్యి కిందికున్న కుర్చీ

చిటపటల మేస్త్రి అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. చేతిలో వడ్రంగం, ముక్కు మీద కోపం. మేకు వంకర పోతే మేకుని తిడతాడు, కొట్టిన తనని మాత్రం ఒక్క మాట అనుకోడు. అలాంటివాడు కూడా ఇంకొకరి పనితనం కనబడితే చేతులు కట్టుకుని నిలబడతాడు. ఎక్కడ కొత్తరకం కుర్చీ దొరికినా తలకిందులు చేసి అడుగుభాగం చూస్తాడు. చేసినవాడు ఎదురుపడితే, "ఇది ఇలా ఎందుకు పెట్టావయ్యా?" అని అడుగుతాడు. జవాబు నచ్చితే ఆ ఉపాయం తీసుకుంటాడు, ఎవరి దగ్గర తీసుకున్నాడో పదిమందికీ చెబుతాడు.

తల్లికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి సరిగా లేవకుండా పోయినప్పుడు అతను చేసిన కుర్చీ కూడా అలా పుట్టిందే. తల ఆనించే పలక సెలూన్ కుర్చీ చూసి నేర్చుకున్నది. గడ్డం గీసేటప్పుడు మెడ కదలకూడదని సెలూన్ అతను చెప్పాడు. అన్నం తినిపించేటప్పుడు అమ్మ మెడ కూడా వాలిపోకూడదు కదా అనుకున్నాడు మేస్త్రి. కుర్చీ ఎడమ చెయ్యి మాత్రం ఎవరి దగ్గరా చూసింది కాదు. అమ్మ చెయ్యి ఎంత లేస్తే అంత ఎత్తులో, కుడిదానికంటే బెత్తెడు కిందికి బిగించాడు.

మేస్త్రి కూతురు ముచ్చటపడి ఆ కుర్చీని ఫోటో తీసి చుట్టాలందరికీ పంపింది. కొన్నాళ్లకి పక్కింటావిడ వచ్చి, "మీ చిన్నవాడి షాపులో అచ్చం ఇలాంటి కుర్చీలే ఉన్నాయి పిన్నిగారూ, ఎడమ చెయ్యి కూడా ఇలాగే కిందికుంది" అని ముసలమ్మతో చెప్పిపోయింది. అది మేస్త్రి చెవిన పడింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

తమ్ముడికి ఊరికి ఆ చివర పెద్ద ఫర్నిచర్ షాపు ఉంది. తల్లి ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒకసారి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, ఫోన్లో మాట్లాడుతూనే వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇటు తొంగి చూసింది లేదు. అమ్మని చూడడానికి తీరిక లేనివాడికి అమ్మ కుర్చీని కాపీ కొట్టడానికి తీరిక దొరికిందా! అలా తిట్టుకుంటూ బయలుదేరిన మేస్త్రికి దారిలో ఒక చిన్న ఆశ కూడా పుట్టింది. ఒకవేళ వాడు సంగతి తెలిసే చేశాడేమో. ఎడమ చెయ్యి అలా ఎందుకుందో వాడి నోట వింటే చాలు, మిగతాదంతా వదిలేద్దామనుకున్నాడు.

షాపులో కుర్చీలు బారుగా నిలబెట్టి ఉన్నాయి. అన్నిటికీ ఎడమ చెయ్యి కిందికే ఉంది.

"ఏరా, ఇది ఎక్కడిది?"

తమ్ముడు నవ్వాడు. "నీదే అన్నయ్యా. పాప పంపిన ఫోటో చూసి చేయించా. ఏం, నువ్వు సెలూన్ కుర్చీ చూసి చెయ్యలేదా?"

"చేశాను. అది అలా ఎందుకుందో అడిగి తెలుసుకుని మరీ చేశాను. నువ్వు చెప్పు, ఎడమ చెయ్యి కిందికెందుకుంది?"

"అదే కదా దీని స్టైలు! జనం ఎగబడి కొంటున్నారు. అయినా పెట్టినవాడివి నువ్వు, నన్నడుగుతావేంటి?"

మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. తమ్ముణ్ణి రెక్క పట్టుకుని ఆ కుర్చీలోనే కూలేశాడు.

"ఎడమ చెయ్యి దాని మీద పెట్టు. పెట్టావా? ఇంక ఎత్తకు. దాహం వేసినా ఎత్తకు, దోమ కుట్టినా ఎత్తకు. అమ్మ చెయ్యి అంతవరకే లేస్తుందిరా దరిద్రుడా! నా పనితనం చూసి చేసుకుంటే చేసుకున్నావు, నేనూ నలుగుర్ని చూసి నేర్చుకున్నవాణ్ణే. కానీ ఆ కొలత అమ్మదిరా. కడుపున పుట్టినవాడివి, నీకు అది స్టైలా?"

కొనడానికి వచ్చినవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. తమ్ముడి ఎడమ చెయ్యి పెట్టినచోటునుంచి లేవలేదు. వాణ్ణి చూసి జాలిపడే ఓపిక మేస్త్రికి లేదు. తలుపు దబాలున వేసి వచ్చేశాడు.

ఇంట్లో అడుగుపెట్టేసరికి నోట్లో తిట్లు ఇంకా మిగిలే ఉన్నాయి. కుర్చీలోంచి తల్లి ఆత్రంగా అడిగింది.

"తమ్ముడి షాపుకేనా వెళ్లావు? నిజంగానే ఎడమ చెయ్యి కిందికి పెట్టాడా?"

"పెట్టాడు."

"సరిగ్గా నాకు పెట్టినంతేనా?"

"అంతే. వెంట్రుకవాసి తేడా లేదు."

ముసలమ్మ మొహం విప్పారింది. "చూశావా! రావడానికి వీలుపడలేదు గానీ, నా చెయ్యి సంగతి వాడి మనసులో ఉందిరా. నువ్వే ఊరికే వాణ్ణి ఆడిపోసుకుంటావు."

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. మేస్త్రి దవడలు బిగించాడు.

"అవునమ్మా, ఉంది" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక తమ్ముడి మీద అంత కోపం అతనికి ఎన్నడూ రాలేదు.