మంచిగ వచ్చిన స్పీడు

ఆ రోజుల్లో నాకు ఒకచోట కుదురుగా నిలబడటం చేతనయ్యేది కాదు. అలాంటివాణ్ణి గోదావరిఖని దగ్గర హైవే పక్కన స్టాప్‌వాచీ ఇచ్చి నిలబెట్టారు. రోడ్డు మీద రెండు సున్నపు గీతలు. బండి మొదటి గీత తొక్కగానే వాచీ నొక్కాలి, రెండోది దాటగానే ఆపి రాసుకోవాలి. ఆ వేగాలను, బండ్ల సంఖ్యను బట్టి రాబోయే ఏళ్లలో ఈ దారిన ఎన్ని బండ్లు వస్తాయో మా సారు లెక్కగట్టి, రోడ్డు ఎంత వెడల్పు కావాలో చెబుతారు. నా పని నచ్చితే నెల తిరిగేసరికి ఉద్యోగం పర్మినెంటు, లేకపోతే ఇంటికి. (ఇంట్లో అప్పటికే నా పేరు ‘ఖాళీగాడు’.) ఆ దిగులుతో బండి రాకముందే వాచీ నొక్కేసేవాణ్ణి.

మా అక్క భర్త బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మొదటిరోజు డ్యూటీ దిగి వస్తూ స్కూటర్ ఆపి, ఇదేం కొలువని అడిగాడు.

“స్పీడు చూస్తున్న బావా. మంచిగ వస్తే పర్మినెంటు చేస్తరు,” అన్నాను.

మంచిగ అంటే తప్పుల్లేకుండా అని నా ఉద్దేశం. బావకు ఇంకోలా అర్థమైంది. మర్నాటి నుంచి షిఫ్టు వదిలే వేళకు స్కూటర్లు, మోపెడ్లు మొదటి గీత దగ్గర రయ్యిమని లేచేవి. ఒక పెద్దాయనైతే టిఫిన్ డబ్బా గలగలలాడిస్తూ పోయి, వెనక్కి వచ్చి, మళ్లీ పోయాడు. నేను చెమటలు కక్కుతూ అన్నీ రాశాను.

వారానికి సారు కాగితాలు చూసి కళ్లజోడు తుడుచుకున్నారు. “రద్దీ పెరిగితే ఎక్కడైనా వేగం తగ్గుతుందయ్యా. మీ ఊళ్లో పెరుగుతోందేమిటి?”

నా పని అయిపోయిందనుకున్నాను. సాయంత్రం ఆయనే వచ్చి నా పక్కన నిలబడ్డారు. బావ షిఫ్టు మొత్తాన్ని వెంటేసుకుని దూసుకొచ్చి, గీత దాటాక స్కూటర్ ఆపి సారుకు దండం పెట్టాడు.

“సార్, స్పీడు తక్కువైతే చెప్పున్రి, రేపు ఇంకింత గట్టిగ తోల్తం. మావోని నౌకరి మాత్రం తియ్యకున్రి.”

సారుకు నవ్వు ఆగలేదు, నాకు ఏడుపు ఆగలేదు. నా ఉద్యోగం ఉంచారు గానీ, రేపట్నుంచి చాయ్ హోటల్ తడిక వెనక కూర్చుని అన్నీ మళ్లీ రాయమన్నారు, ఆ సంగతి బావకు కూడా చెప్పొద్దన్నారు. మర్నాడు నేను కనిపించకపోయేసరికి, కొలువు పోయిందనుకుని, బావ గీతల మధ్య స్కూటర్ నెమ్మది చేసి, నేను నిలబడే చోటు వైపే చూస్తూ వెళ్లాడు. ఆ వేగమూ రాశాను. సర్వే మొత్తంలో అన్నిటికన్నా తక్కువ అదే.

ఇప్పుడు ఆ లెక్కలు నేనే కడుతున్నాను. రోడ్డు పక్కన ఎవరైనా వాచీతో నిలబడి కనిపిస్తే మాత్రం, వాళ్ల లెక్క చెడుతుందని తెలిసీ, నా కాలు యాక్సిలరేటర్‌ను కాస్త గట్టిగానే నొక్కుతుంది.