బాలమల్లు విన్న పాఠం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా పెద్దపల్లిలో ఈ సంగతి పాస్టరుగారి నుంచి పాలు పోసే ఆయన దాకా అందరికీ తెలుసు. సిరిసిల్ల బడికి బదిలీ మీద వచ్చిన మూడో నెలకల్లా ఇక్కడా తెలిసిపోయింది. ఆ కోపంతోనే ఒక శనివారం సాయంత్రం బాలమల్లు ఇంటి మీదికి పోయాను.

మూడో తరగతి నాది. పిల్లలకు ఇంటి దగ్గర చదివే అలవాటు కావాలని తల్లిదండ్రులందరి ఫోన్లలో ఒక చదువు యాప్ వేయించాను. తెర మీద చిన్న కథ వస్తుంది. పిల్లలు పైకి చదవాలి. ఫోన్ వింటుంది. సరిగ్గా చదివితే నక్షత్రాలు ఇస్తుంది, తప్పితే ఆ మాట ఎర్రగా చూపి మళ్లీ చదవమంటుంది. రోజుకు ఇరవై నిమిషాలు చాలు. ఎవరు ఎంత చదివారో వారం వారం నాకు జాబితా వస్తుంది. నెల తిరగకముందే సగం మంది తల్లులు పిల్లల నక్షత్రాలను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుని మురిసిపోయారు.

బాలమల్లు కూతురు నవీనకు మాత్రం నాలుగు వారాలూ సున్నానే. రోజూ యాప్ తెరిచినట్టే ఉంటుంది, ఒక్క మాట చదివినట్టు ఉండదు. తరగతిలో నిలబెట్టినా అంతే. పుస్తకం పట్టుకుని పెదవులు కదిలిస్తుంది, శబ్దం రాదు. చదవడం రాక నటిస్తోందని నేను తీర్మానించేశాను. "సోమవారం సంది ఒకటో తరగతిల కూసొని అక్షరాలు దిద్దు" అన్నాను. ఆ పిల్ల ఏడవలేదు. సంచి సర్దుకుని, పక్కన కూర్చునే స్నేహితురాలికి తన రబ్బరు ఇచ్చేసింది. అది చూసి నాకే ఎక్కడో గుచ్చుకుంది. గుచ్చుకున్న కొద్దీ, ఇంటి దగ్గర పట్టించుకోని ఆ తల్లిదండ్రుల మీద కోపం ఇంకా పెరిగింది.

మరమగ్గాన్ని ఇక్కడ సాంచా అంటారు. బాలమల్లు పద్నాలుగో ఏట సాంచా పట్టాడు, ఇప్పుడు నలభై రెండేళ్లు. రెండో తరగతితోనే బడి మానేశాడు కాబట్టి సంతకం తప్ప చదువు రాదు. ముందు గదిలో నాలుగు సాంచాలు నడుపుతాడు. ఆదిలాబాద్ దిక్కు నుంచి వచ్చిన అతని భార్య గంగుబాయి పక్కన కూర్చుని కండెలకు దారం చుడుతుంది. ఇన్నేళ్ల మోతకు అతని చెవులు సగం పోయాయి. అయినా ఆ వాడలో అతనంత కబుర్ల మనిషి లేడు. అదెలాగో నాకు ఆ సాయంత్రమే తెలిసింది.

గుమ్మంలో నిలబడి గొంతు చించుకున్నాను. నా మాట నాకే వినపడలేదు. బాలమల్లు నవ్వుతూ వచ్చి నా చెవి దగ్గర గట్టిగా అన్నాడు.

"లొల్లి ఎందుకు టీచరమ్మా? గొంతు నొస్తది. పెదవులు జర నిమ్మలంగ కదిలియ్యిండ్రి, నాకు సమజైతది."

అలాగే కదిలించాను. "నీ బిడ్డకు చదువుడు వస్తలేదన్నా."

అతని నవ్వు మాయమైంది. "ఎవలన్నరు? దినాం నాకు కథ చదివి చెప్తది. నిన్న నక్క కథ చెప్పింది. మొన్న పతంగి కథ."

"ఫోన్ల సున్నా ఉన్నది."

"ఫోన్‌కేం ఎరుక?"

నాకు ఒళ్లు మండింది. సంచిలోంచి ఆ రోజు పేపర్ తీసి నవీన చేతిలో పెట్టి, ఒక వార్త మీద వేలు పెట్టి చదవమన్నాను. నవీన తండ్రికి ఎదురుగా నిలబడి పెదవులు కదిలించింది. సాంచాల మోతలో నాకు ఒక్క ముక్క వినపడితే ఒట్టు. బాలమల్లు మాత్రం కూతురి నోటి మీదే చూపు నిలిపి అరుస్తూ చెప్పసాగాడు.

"ఊరిలోకి... వచ్చిన... ఎలుగుబంటి... కిరాణా కొట్టులో..."

నేను పిల్ల వెనక నిలబడి పేపర్ చూస్తున్నాను. ఒకచోట అతను తప్పితే నవీన తల అడ్డంగా ఊపి ఆ మాటను మళ్లీ మెల్లగా పలికింది. అతను దిద్దుకున్నాడు. వార్త మొత్తం, చివరి వాక్యం దాకా సరిపోయింది. అక్షరం ముక్క రాని మనిషి నాకు పేపర్ చదివి వినిపించాడు!

నోరు వెళ్లబెట్టాను. ఆ ఇంట్లో గొంతుతో పనేముంది? పుట్టినప్పటి నుంచి అమ్మానాన్నా పెదవులతో మాట్లాడుకోవడమే చూసింది ఆ పిల్ల. చదవడమన్నా పెదవులు కదపడమే అనుకుంది. అయ్యో ప్రభువా, ఎంత పని చేశాను అనుకున్నాను.

"సోమవారం నీ జాగల నువ్వే కూసో బిడ్డా. తప్పు నాదే" అన్నాను.

నవీన సంతోషపడలేదు. ఫోన్ చూపిస్తూ పెదవులు కదిలించింది. బాలమల్లు మాట అందించాడు: "ఫోన్‌ను దినాం ముఖం ముందలనే పెట్టుకుంటున్న, అది నన్ను చూస్తలేదా? నాకు నక్షత్రాలు ఎన్నటికీ రావా? అని అడుగుతుంది."

ఫోన్ చూడదు, వింటుందని చెప్పాను. బాలమల్లు ఒక్కొక్కటిగా నాలుగు సాంచాలూ ఆపేశాడు. పక్కింటి నుంచి "కరెంటు పోయిందానే?" అని ఎవరో కేకేశారు. నవీన కథ తెరిచి, తండ్రి ముఖం చూసి చదవడం మొదలుపెట్టింది. పెదవులే కదిలాయి. మూడుసార్లు చూశాం, మూడుసార్లూ అంతే. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. గొంతు ఎత్తమని గద్దించబోయి నాలుక కరుచుకున్నాను.

బాలమల్లు పీట జరుపుకున్నాడు. కూతురికి వీపు పెట్టి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"నేను చూస్తలేను బిడ్డా. ఇప్పుడు చెప్పు నాకు కథ."

చాలాసేపటికి సన్నగా ఏదో పలికింది.

"వినవడ్తలే."

కాస్త పెరిగింది. ఫోన్‌కు ఆ మాత్రం చాలు, గంట కొట్టి ఒక నక్షత్రం ఇచ్చింది కూడా. బాలమల్లుకు చాలలేదు.

"ఇంకా జర గట్టిగ!"

"ఒక ఊరిలో ఒక ముసలి కుమ్మరి ఉండేవాడు!" అని అరిచింది నవీన. వీధిలో పోయేవాళ్లు ఆగి తొంగి చూశారు. ఇక నవీన ఆగలేదు. కుమ్మరి, గాడిద, పగిలిన కుండ, అన్నీ వాడంతా వినేలా చదివేసింది. ఫోన్ గంటల మీద గంటలు కొట్టింది. గంగుబాయి కండె వదిలేసి చప్పట్లు కొడుతోంది. నేనూ కొట్టాను.

నవీన పరుగున పోయి ఐదు నక్షత్రాలను తండ్రి ముఖం ముందు పెట్టింది. అతను వాటి వైపు చూడలేదు. నవ్వుతున్నాడు, చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

"అచ్చం మీ అవ్వ గొంతే బిడ్డా నీది" అన్నాడు గంగుబాయిని చూపిస్తూ. "గిన్ని దినాలు నాకు ఎరుకనే లేదు."

గంగుబాయి కళ్లు తుడుచుకుంటూ, సాంచాలు నడపవా అని సైగ చేసింది.

"నడుస్తయి తియ్" అని అతను మళ్లీ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. "ఇంకోటి చదువు బిడ్డా."