బావమరిదిని పిలవక్కర్లేని వించ్

పశువుల డాక్టరు హస్తవాసి మంచిదని చుట్టుపక్కల అందరూ ఒప్పుకుంటారు. అడ్డం తిరిగిన దూడనైనా తాడు కట్టి నేర్పుగా బయటికి లాగేస్తాడు. తన బండిని మాత్రం బురదలోంచి లాక్కోలేడు. వానాకాలంలో పాకలకు తిరగడానికి నాలుగు లావు చక్రాల ఏటీవీ ఒకటి పాతది కొన్నాడు. ఎక్కడికైనా వెళుతుందని అమ్మినవాడు చెప్పాడు. నిజమే, వెళుతుంది. తిరిగి రావడం గురించి వాడు చెప్పలేదు, ఇతను అడగలేదు.

దిగబడ్డ ప్రతిసారీ జీపు వేసుకొచ్చి లాగేది బావమరిది. లాగి ఊరుకుంటే బాధ ఉండేది కాదు. అతనికి దాణా కొట్టుంది. పశువులున్న ప్రతివాడూ తవుడుకో చెక్కకో అక్కడికి రావాల్సిందే, వచ్చినవాడికి బస్తాతోపాటు బావగారి బురద కథ ఉచితం. “ఇది పదహారోసారి!” అనేవాడు. చేతివేళ్ళు ఎప్పుడో అయిపోయి, చెప్పులు విప్పి కాలివేళ్ళు చూపించే దాకా వచ్చింది. డాక్టరు ఏ పాకలో అడుగుపెట్టినా, “బండి క్షేమమేనా డాక్టరుగారూ?” అని పలకరించేవారు. ఆవు జ్వరం సంగతి ఆ తర్వాతే. అతనికి ఒళ్ళు మండిపోయేది. ఇక చచ్చినా బావమరిదికి ఫోన్ చేయకూడదనుకున్నాడు. అందుకే వించ్ కొందామని బయల్దేరాడు.

వించ్ అంటే బండి ముందు బిగించే మోటారు. దానికో డ్రమ్ము, డ్రమ్ముకు చుట్టిన తాడు, తాడు చివర కొక్కెం. కొక్కెం ఏ చెట్టుకో తగిలించి బటన్ నొక్కితే బండి తనను తానే లాక్కుంటుంది.

“బండి బరువెంతండీ?” అన్నాడు షాపతను.

“నాతోనా, నేను లేకుండానా?”

“మీరు, మందుల పెట్టె, అన్నీ కలిపి. దానికి ఒకటిన్నర రెట్లు లాగేది చాలు.”

డాక్టరు లెక్క వేశాడు. దానికి బురద పట్టు కలిపాడు, బావమరిది మీద కోపం కలిపాడు, రెండున్నర రెట్లు లాగేది కొన్నాడు. ఉక్కు తీగా, నైలాన్ తాడా అన్న దగ్గర మాత్రం తడుముకోలేదు. తెగిన తీగ కొరడాలా కొడుతుంది, తెగకపోయినా దాని పోగులు అరచేతిలో దిగుతాయి. దూడలను లాగిన చేతికి తాడే నప్పుతుంది.

ఆదివారం బిగింపు పెట్టుకున్నాడు. ముందున్న సామాన్ల స్టాండుకు బిగించేస్తే సులువే గాని, మొదటి లాగుడికే అది ఊడి చేతికొస్తుంది. అందుకని బండి కిందికి దూరి, ఛాసిస్‌కు ఇనప ప్లేటు ఆనించి, నాలుగు బోల్టులూ కుట్లు వేసినంత శ్రద్ధగా బిగించాడు. బ్యాటరీ నుంచి లావు వైర్లు లాగి, బటన్ హ్యాండిల్ పక్కన పెట్టుకున్నాడు. స్పానర్లు అందిస్తున్న భార్య ఒక్కటే అడిగింది.

“ఇంతకీ ఆ కొక్కెం దేనికి తగిలిస్తారు?”

“చెట్టుకి! లోకంలో చెట్లకేం కొదవ?”

నాలుగో రోజున, ఈనలేక అవస్థపడుతున్న ఆవు కోసం వెళుతూ, గడ్డిమైదానం నడిమధ్యన ఇరుసుల దాకా దిగబడ్డాడు. మోటారుంది, తాడుంది, కొక్కెముంది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, కనుచూపు మేరలో చెట్టు కాదు కదా, పొద కూడా లేదు. అక్కడ ఆవు, ఇక్కడ తను. పావుగంట తిట్టుకుని, పళ్ళు కొరుక్కుని, ఫోన్ చేశాడు.

“లాగడానికి కాదు. లాగేది నేను. నువ్వు గట్టి నేల మీద జీపు ఆపి కూర్చో, చాలు. నువ్వొక చెట్టువనుకో. ఏమీ చెయ్యకు.”

“ఏమీ చెయ్యొద్దా బావా?”

“వేలు కూడా కదపకు!”

బావమరిది వచ్చాడు. బావ మాట మీద గౌరవంతో నిజంగానే ఏమీ చేయలేదు. గేరు వేయలేదు, బ్రేకు తొక్కలేదు, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. డాక్టరు కొక్కెం జీపుకు తగిలించి, బండెక్కి బటన్ నొక్కాడు. కదులుతాయేమోనని తన చక్రాల వైపే చూస్తూ, వదలకుండా నొక్కాడు. వించ్ బ్రహ్మాండంగా పనిచేసింది. జీపు పెంపుడు ఆవులా నడిచొచ్చి, బురదలో దిగి, ఏటీవీకి మూతి ఆనించి ఆగింది.

“బ్రేకు వెయ్యలేదా!”

“నువ్వే కదా బావా, వేలు కూడా కదపొద్దన్నావు!”

ఆవు గలాయన ట్రాక్టరు తెచ్చి ఇద్దరినీ బయటికి లాగేసరికి, అక్కడ ఆవు ఎవరి సాయం లేకుండానే ఈని, దూడను నాకుతోంది.

మర్నాడు పొద్దున్నే డాక్టరు దాణా కొట్టుకు బయల్దేరాడు. బ్రేకు వేయడం తెలియనివాడి కథ ఈసారి తనే చెప్పాలి, వాడి పరువు వాడి బస్తాల మధ్యే తీయాలి. దారంతా మాటలు కూర్చుకున్నాడు. తీరా వెళ్ళేసరికి అక్కడ పదిమంది మూగి ఉన్నారు. బావమరిది బస్తా మీదెక్కి చెబుతున్నాడు.

“మా బావ వించ్ అంటే ఏమనుకున్నారు! నేను జీపులోనే ఉన్నా. బ్రేకు మీద నిలబడి తొక్కా! అయినా ఈడ్చుకుపోయింది! అలాంటి మిషన్ ఈ చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరుందో చెప్పండి!”

అందరూ తిరిగి డాక్టరును చూశారు. ఒక్కడూ నవ్వలేదు. వాళ్ళ మొహాల్లో అంత గౌరవం చూసి ఎన్నాళ్ళయిందో! అతనికి గుండె నిండిపోయింది.

“నిజమేనా డాక్టరుగారూ?” అన్నాడొక ముసలాయన.

డాక్టరు బావమరిది వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

“హ్యాండ్ బ్రేకు కూడా వేసే ఉంది,” అన్నాడు.